ఫార్మాట్ నొక్కే ముందు ఆరు మెట్లు



మన ముప్కాల్ హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. కవితలు రాసే అన్నలు మనలో చాలామంది ఉన్నారు. నాకు ఆ విద్య రాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివాను కనుక, నాకు తెలిసిన దాంట్లో నలుగురికీ పనికొచ్చే పాఠం ఒకటి రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్, మౌస్, ప్రింటర్, వేలిముద్ర యంత్రం లాంటివి తగిలించినప్పుడు అవి పనిచేయకపోతే ఏం చేయాలి? ఇదీ పాఠం. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవారికి ఇది రేపు పనికొస్తుంది. కాలేజీల్లో ఉన్నవారికి ఈ రోజే పనికొస్తుంది.

పాఠం కంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

నా తప్పు

2022లో నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. నా గదిలో ఉండే మిత్రుడు తన ప్రాజెక్టు కోసం వాళ్ల ఊరిలో బీడీలు చుట్టే అమ్మల ఇండ్లు తిరిగి సర్వే చేశాడు. మొత్తం అరవై ఇండ్లు. కాలేజీ ల్యాబ్‌లో రోజుకో గంట దొరికితే, ఆ గంటలో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకునేవాడు. మరో కాపీ లేదు.

ఒక సాయంత్రం ఆ పెన్‌డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. "ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని తెర మీద ఒక పెట్టె వచ్చింది. "ఏం జెయ్యాల్రా?" అని నన్నే అడిగాడు. కంప్యూటర్లు చదివేవాణ్ణి నేనే కదా అన్న ధీమాతో 'ఫార్మాట్' నొక్కాను. పెన్‌డ్రైవ్ తెరుచుకుంది. లోపల ఏమీ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పెన్‌డ్రైవ్ బాగైందో లేదో చూద్దామని దానిలోకి రెండు సినిమాలు ఎక్కించాను. మొదటి తప్పుకు మందు ఉండేదని, ఆ మందును రెండో తప్పుతో నేనే పారబోశానని చాలా రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఆ సంగతి ఆరో మెట్టులో చెబుతాను.

మిత్రుడు నన్ను ఒక్క మాట అనలేదు. సర్వే కాగితాలు ముందు వేసుకుని పదకొండు రాత్రులు నా ల్యాప్‌టాప్ మీదే మళ్లీ టైపు చేశాడు. "లైటు బంద్ చెయ్యకురా" అని మాత్రం అన్నాడు. ఆ పదకొండు రాత్రులు నాకూ నిద్ర పట్టలేదు.

బాపు నేర్పిన పద్ధతి

ఆ యాసంగిలో ఇంటికి వెళ్లినప్పుడు మా బోరు మోటరు ఆగిపోయింది. వరి పొట్ట మీద ఉంది. నీళ్లు రెండు రోజులు తప్పితే తాలు పడుతుంది. "మెకానిక్‌ను పిలిచి మోటరు పైకి తీయిద్దాం బాపూ" అన్నాను. బాపు చదువుకోలేదు. నా మాట వినిపించుకోకుండా టెస్టరు తీసుకుని, ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా చూశాడు. వస్తున్నాయి. తర్వాత ఒక ఫీజు మార్చి మోటరు వేసి చూశాడు. నడవలేదు. కొత్త ఫీజు తీసి పాతదే పెట్టాడు. తర్వాత స్టార్టరు విప్పి చూశాడు. చివరికి స్టార్టరు నుంచి బోరుకు పోయే వైరు దగ్గర, అతుకులో కాలిన మచ్చ కనిపించింది. అతుకు విప్పి, గీకి, మళ్లీ చుట్టాడు. మోటరు నడిచింది.

"పాత ఫీజు మళ్లీ ఎందుకు పెట్టినవు?" అని అడిగాను.

"అన్నీ ఒక్కసారే మారిస్తే ఏది ఖరాబైందో ఎట్ల తెలుస్తది బిడ్డా? మోటరు పైకి గుంజుడు అన్నిటికంటే ఆఖరు పని" అన్నాడు.

తమ్ముళ్లారా, ఈ పాఠమంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ఖర్చులేని పరీక్ష ముందు చేయాలి. మళ్లీ సరిచేసుకోలేని పని ఆఖరున చేయాలి. నేను పెన్‌డ్రైవ్ విషయంలో ముందే మోటరు పైకి గుంజాను.

యూఎస్‌బీ అంటే ఏమిటి?

యూఎస్‌బీ అంటే యూనివర్సల్ సీరియల్ బస్. పూర్వం కంప్యూటరు వెనక కీబోర్డుకు ఒక రకం, మౌస్‌కు మరో రకం, ప్రింటర్‌కు ఇంకో రకం సాకెట్లు ఉండేవి. అన్నిటికీ ఒకే సాకెట్ ఉండాలని 1994లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, ఎన్ఈసీ వంటి ఏడు కంపెనీలు కలిసి పని మొదలుపెట్టాయి. 1996 జనవరిలో మొదటి రూపం వెలువడింది. ఇంటెల్‌లో ఈ పనికి ముందు నిలిచిన ఇంజనీరు అజయ్ భట్ మన దేశంలోనే పుట్టారు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివారు. మనం రోజూ వాడే సాకెట్ వెనక మన దేశంలో చదివిన వ్యక్తి ఉన్నారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

మొదటి రూపంలో వేగం సెకనుకు 12 మెగాబిట్లు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0లో 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0లో 5 గిగాబిట్లు. ల్యాప్‌టాప్ పక్కన సాకెట్ లోపల నీలం రంగు నాలుక కనిపిస్తే అది సాధారణంగా 3.0 అన్నమాట. ఫోన్లకు వాడే, ఎటు తిప్పినా పట్టే చిన్న సాకెట్ టైప్-సి. అది 2014లో వచ్చింది.

మామూలు యూఎస్‌బీ 2.0 వైరు కోసి చూస్తే లోపల నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటుకు. తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. ఎరుపు తీగలో 5 వోల్టులు వస్తుంది. ప్లగ్గులో కరెంటు పట్టీలు రెండూ కాస్త పొడవుగా ఉంటాయి. ముందు కరెంటు తగలాలి, తర్వాతే మాట మొదలవ్వాలి అని అలా చేశారు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే లోపల జరిగేది మన హాస్టల్‌లో హాజరు తీసుకున్నట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ "ఎవరో వచ్చారు" అని గుర్తిస్తుంది. "నువ్వెవరు, ఏ కంపెనీ, ఏ పని చేస్తావు?" అని అడుగుతుంది. వచ్చిన పరికరం తన కంపెనీ నంబరు, వస్తువు నంబరు చెబుతుంది. ల్యాప్‌టాప్ దానికి ఒక సంఖ్య కేటాయిస్తుంది. ఆ సంఖ్యలు 1 నుంచి 127 దాకా ఉంటాయి. తర్వాత ఆ రకం పరికరంతో మాట్లాడటం తెలిసిన ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను పిలుస్తుంది. పెన్‌డ్రైవ్ అయితే చివరగా లోపలి ఫైళ్ల పట్టిక చదివి మనకు చూపిస్తుంది.

కాబట్టి తగవు నాలుగు చోట్లలో ఏదో ఒక చోట ఉంటుంది: కరెంటు, హాజరు, డ్రైవర్, ఫైళ్ల పట్టిక. ఏ చోట అన్నది కనిపెట్టడానికే ఈ ఆరు మెట్లు.

మొదటి మెట్టు: కళ్లతో చూడండి, చెవులతో వినండి

పరికరం పెట్టినప్పుడు దాని చిన్న లైటు వెలిగిందా? ల్యాప్‌టాప్ నుంచి 'టంగ్' మని చప్పుడు వచ్చిందా? లైటు వెలగక, చప్పుడూ రాకపోతే కరెంటు గానీ, సాకెట్ గానీ అనుమానించండి. చప్పుడు వచ్చి ఏమీ కనిపించకపోతే హాజరు జరుగుతోందన్నమాట. అప్పుడు నాలుగో మెట్టు, ఐదో మెట్టు చూడాలి.

సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. సంచుల్లో మోసే ల్యాప్‌టాప్‌లలో దుమ్ము, దూది పోగులు చేరతాయి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. సూది, పిన్ను పెట్టకండి. నోటితో ఊదకండి, ఉమ్మి తడి తగిలితే తుప్పు పడుతుంది. లోపలి నాలుక విరిగి ఉంటే, పట్టీలు ఒకదానికొకటి తగులుతూ ఉంటే ఆ సాకెట్‌లో ఏమీ పెట్టకండి.

రెండో మెట్టు: ఒక్కటొక్కటే మార్చి చూడండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. దీనికి పైసా ఖర్చు లేదు.

అదే పెన్‌డ్రైవ్‌ను అదే ల్యాప్‌టాప్‌లో మరో సాకెట్‌కు పెట్టండి. అక్కడ పనిచేస్తే తప్పు మొదటి సాకెట్‌ది.

ఎక్కడా పనిచేయకపోతే, అదే సాకెట్‌కు మరో పెన్‌డ్రైవ్ గానీ మౌస్ గానీ పెట్టండి. అది పనిచేస్తే సాకెట్ మంచిదే. తప్పు పెన్‌డ్రైవ్‌ది గానీ, దాని డ్రైవర్‌ది గానీ.

ఇప్పుడు మొదటి పెన్‌డ్రైవ్‌ను మిత్రుడి ల్యాప్‌టాప్‌కు పెట్టండి. అక్కడ పనిచేస్తే పెన్‌డ్రైవ్ మంచిది, మీ ల్యాప్‌టాప్ లోపలి సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. అక్కడా పనిచేయకపోతే పెన్‌డ్రైవే చెడిందని చాలావరకు నమ్మవచ్చు.

మధ్యలో వైరు ఉంటే వైరును కూడా విడిగా మార్చి చూడండి. ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపితే చార్జింగ్ ఎక్కుతుంది, ఫొటోలు మాత్రం కనిపించవు. దీనికి రెండు కారణాలు ఉంటాయి. కొన్ని చవక వైర్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, సమాచార తీగలు ఉండవు. రెండోది, ఆండ్రాయిడ్ ఫోన్ మొదట 'చార్జింగ్ మాత్రమే' అన్న స్థితిలో ఉంటుంది. ఫోన్ తెర పై నుంచి కిందికి లాగి, యూఎస్‌బీ అన్న సూచన నొక్కి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే మరో చిట్కా. దాని చిన్న రిసీవర్‌ను 3.0 సాకెట్‌లో నడుస్తున్న హార్డ్ డిస్క్‌కు దూరంగా పెట్టండి. 3.0 నుంచి వెలువడే రేడియో చప్పుడు ఈ మౌస్‌లు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డు తగులుతుంది.

మూడో మెట్టు: కరెంటు సరిపోతోందా?

యూఎస్‌బీ 2.0 సాకెట్ ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్ 900 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌కు, మౌస్‌కు ఇది ఎక్కువే. లోపల చక్రం తిరిగే హార్డ్ డిస్క్‌కు మొదలయ్యేటప్పుడు ఇది చాలకపోవచ్చు. అప్పుడు 'టిక్ టిక్' మని చప్పుడు చేస్తూ ఆగిపోతుంది. ఒకే సాకెట్‌కు నాలుగు సాకెట్ల హబ్ తగిలించి అన్నీ దానికే పెడితే, ఉన్న కరెంటును నలుగురూ పంచుకోవాల్సి వస్తుంది. హార్డ్ డిస్క్‌ను హబ్ లేకుండా నేరుగా, పొట్టి వైరుతో పెట్టండి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి ఉంచండి. ఆ తర్వాత కూడా టిక్ టిక్ ఆగకపోతే డిస్కే చెడుతోందని గ్రహించి, దాన్ని మళ్లీ మళ్లీ నడపకండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని నాకు పాత ల్యాప్‌టాప్ కొనిచ్చింది. ఆ అప్పును బీడీలు చుట్టి తీర్చింది. ఒక రోజు దాని సాకెట్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఒక దుకాణంలో చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది, నాలుగున్నర వేలు అయితది" అన్నారు. అమ్మకు చెప్పే ధైర్యం లేక గదికి తెచ్చుకున్నాను. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టాను. లోపల మిగిలిన కరెంటు అంతా పోయింది. మళ్లీ అన్నీ పెట్టి వేస్తే సాకెట్లన్నీ పనిచేశాయి. ప్రతిసారీ ఇలా అవుతుందని చెప్పను, నిజంగా మదర్‌బోర్డు పోయే సందర్భాలూ ఉంటాయి. కానీ ముప్పై సెకన్ల పరీక్ష చేయకుండా నాలుగున్నర వేలు ఇవ్వకూడదు. బ్యాటరీ ఊడని కొత్త ల్యాప్‌టాప్ అయితే దాన్ని విప్పకండి. ఆపి, చార్జర్ తీసి, బటన్ నొక్కి పడితే చాలు.

పరికరం కాసేపు పనిచేసి తనంతట తానే ఆగిపోతుంటే, కరెంటు ఆదా కోసం విండోసే దాన్ని నిద్రపుచ్చుతోందేమో చూడండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్' తెరవండి. అందులో 'యూఎస్‌బీ రూట్ హబ్' మీద రెండుసార్లు నొక్కి, 'పవర్ మేనేజ్‌మెంట్' పేజీలో మొదటి టిక్కు తీసేయండి.

నాలుగో మెట్టు: డివైస్ మేనేజర్ ఏం చెబుతోంది?

డివైస్ మేనేజర్ మన ల్యాప్‌టాప్ హాజరు పట్టీ. పరికరం పెట్టి ఉంచి దీన్ని తెరవండి. పసుపు పచ్చ గుర్తు ఎక్కడైనా ఉంటే దాని మీద రెండుసార్లు నొక్కండి. ఒక కోడ్ నంబరు కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి.

కోడ్ 28 అంటే డ్రైవర్ లేదు. ప్రింటర్, స్కానర్ వంటి వాటికి ఎక్కువగా వస్తుంది. డ్రైవర్‌ను ఆ కంపెనీ సొంత సైటు నుంచే దించుకోండి. ఎక్కడపడితే అక్కడ దొరికే 'ఉచిత డ్రైవర్' ప్రోగ్రాములు వేసుకోకండి.

కోడ్ 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది. కోడ్ 22 అంటే ఎవరో దాన్ని ఆపి ఉంచారు, 'ఎనేబుల్' నొక్కితే చాలు.

కోడ్ 43 అంటే పరికరంలో ఏదో తేడా ఉందని గమనించి విండోస్ దాన్ని పక్కన పెట్టింది. "నువ్వెవరు?" అంటే సరిగా జవాబు రానప్పుడు కూడా ఇదే కోడ్ వస్తుంది. అప్పుడు వైరు గానీ, సాకెట్ గానీ, పరికరం గానీ చెడి ఉండవచ్చు. రెండో మెట్టును మళ్లీ జాగ్రత్తగా చేయండి.

ఆ తర్వాత ఆ ఒక్క పరికరం మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కండి. పరికరం ఊడదీసి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, మళ్లీ పెట్టండి. విండోస్ దాన్ని కొత్తగా వచ్చిన విద్యార్థిలా మళ్లీ చేర్చుకుంటుంది. దీనివల్ల పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లకు ఏమీ కాదు.

ఐదో మెట్టు: డిస్క్ మేనేజ్‌మెంట్

హాజరు పట్టీలో పేరుంది, కానీ పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. అప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరవండి. ఇక్కడ చూడటమే మన పని. తెలియనివి ఏవీ నొక్కకండి. ముఖ్యంగా 'ఇనిషియలైజ్', 'డిలీట్ వాల్యూమ్' జోలికి పోవద్దు.

పెన్‌డ్రైవ్ కనిపిస్తూ దానికి ఇంగ్లీషు అక్షరం లేకపోతే అది చాలా చిన్న సమస్య. దాని మీద రైట్ క్లిక్ చేసి 'చేంజ్ డ్రైవ్ లెటర్' ద్వారా ఒక అక్షరం ఇవ్వండి.

'నో మీడియా' అని ఉంటే లోపలి మెమరీ చిప్ జవాబు చెప్పడం లేదు. ఇంటి దగ్గర చేయగలిగింది ఏమీ లేదు.

'రా' అని ఉంటే ఫైళ్ల పట్టిక చెడింది, ఫైళ్లు చాలావరకు లోపలే ఉన్నాయి. నా మిత్రుడి పెన్‌డ్రైవ్ ఆ రోజు బహుశా ఈ స్థితిలోనే ఉంది. నేను చూడలేదు.

ఆరో మెట్టు: లోపలి ఫైళ్లు

పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు లేవు, లేదా అన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయి. జిరాక్స్ సెంటర్‌లో ప్రింటు తీయించుకుని వచ్చాక ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇది వైరస్ పని. అది మన ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది. ఆ షార్ట్‌కట్‌లను ఒక్కసారి కూడా నొక్కకండి. నొక్కితే వైరస్ మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ముందు విండోస్ సెక్యూరిటీతో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' కింద 'హిడెన్ ఐటమ్స్' టిక్కు పెట్టండి. అయినా కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్లలో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' టిక్కు తీసేయండి. దాగిన ఫైళ్లు మసకగా కనిపిస్తాయి. వాటిని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఆ టిక్కును మళ్లీ పెట్టేయండి.

దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలను దెబ్బతీసింది. ఇంటర్నెట్‌తో సంబంధం లేని కంప్యూటర్లలోకి కూడా అది పెన్‌డ్రైవ్‌ల ద్వారానే చేరగలిగింది.

మరో రెండు సంగతులు. పెన్‌డ్రైవ్‌లో చోటు ఉన్నా పెద్ద వీడియో ఎక్కకపోతే అది 'ఫ్యాట్ 32' పద్ధతిలో ఉందన్నమాట. ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. రెండోది, నమ్మలేనంత చవగ్గా '2 టీబీ పెన్‌డ్రైవ్' అని అమ్మేవి సాధారణంగా నకిలీవి. లోపల ఉండేది కొద్ది జీబీలే. పైకి పెద్ద అంకె చూపి, నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసి పాడుచేస్తాయి.

ఇక ఫార్మాట్. లోపల పనికొచ్చేది ఏదీ లేదని ఖాయమైతేనే నొక్కాలి. ఒకవేళ పొరపాటున నొక్కితే వెంటనే పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. క్విక్ ఫార్మాట్ చేసేది ఫైళ్ల పట్టికను చెరపడమే. హాజరు పట్టీ చించినంత మాత్రాన పిల్లలు గదిలో లేకుండా పోరు కదా! టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి పట్టిక లేకున్నా లోపల వెతికి చాలా ఫైళ్లను తెచ్చిపెట్టగలవు. ఫొటోరెక్‌తో ఫైళ్ల పేర్లు పోతాయి, లోపలి విషయం దక్కుతుంది. దొరికిన ఫైళ్లను అదే పెన్‌డ్రైవ్‌లో కాక వేరే చోట దాచాలి. ఎందుకంటే ఒకసారి ఆ చోటు మీద కొత్తవి రాస్తే పాతవి మరి రావు. నేను రాసింది రెండు సినిమాలు. అరవై ఇండ్ల అమ్మలు చెప్పిన మాటల మీద రెండు సినిమాలు రాశాను.

వేలిముద్ర యంత్రం గురించి ప్రత్యేకంగా

స్కాలర్‌షిప్ పని మీద మనం, పింఛను పని మీద మన అమ్మలు వేలిముద్ర వేయాల్సి వస్తుంది. ఆ యంత్రం కూడా తరచుగా యూఎస్‌బీ పరికరమే. "వేలు పడతలేదు, రేపు రా" అన్న మాట మనలో చాలామంది విన్నాం. ఆ మాటలో మూడు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయి.

యంత్రంలో లైటే వెలగకపోతే అది వైరు లేక సాకెట్ సమస్య. లైటు వెలుగుతూ 'డివైస్ నాట్ రెడీ' అంటే డ్రైవర్ సమస్య గానీ, దానితో పాటు నడవాల్సిన 'ఆర్‌డీ సర్వీస్' అనే ప్రోగ్రాము సమస్య గానీ కావచ్చు. ఈ రెండూ నడుస్తూ ముద్ర సరిపోలకపోతేనే అది వేలి సంగతి. బీడీ ఆకు కత్తిరించే వేళ్ల మీద, పసుపు తవ్వే వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. అప్పుడు యంత్రం అద్దం తుడిచి, చేయి కడిగి తుడుచుకుని, మరో వేలు ప్రయత్నించాలి. ఆధార్‌లో కంటిపాప, ముఖం, ఓటీపీ పద్ధతులు కూడా ఉన్నాయి. ఆ పనికి వాటిలో ఏది చెల్లుతుందో మర్యాదగా అడగండి.

మా అమ్మను ఒక చోట మూడు రోజులు తిప్పారు. మూడో రోజు నేను తోడు వెళ్లాను. యంత్రంలో లైటు లేదు. "అన్నా, ఒక్కసారి ఇంకో సాకెట్‌ల పెట్టి చూస్తారా?" అని అడిగాను. పెట్టారు, లైటు వెలిగింది. అమ్మ ముద్ర మొదటిసారికే పడింది. తోవలో అమ్మ తన వేళ్లు చూసుకుంటూ, "నా వేళ్లే ఖరాబైనయి అనుకున్న బిడ్డా" అంది. తమ్ముళ్లారా, తప్పు సాకెట్‌లో ఉంటే మన అమ్మలు తమ వేళ్లను తిట్టుకోకూడదు. మనం చదివే చదువు కనీసం ఇంతవరకైనా పనికిరావాలి.

చివరగా

ఒకే చోట ఉన్న ఫైలును ఎప్పుడూ నమ్మకండి. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ గూగుల్ ఖాతాలో ఉంచండి. సొంత ల్యాప్‌టాప్ లేనివారు కూడా కాలేజీ ల్యాబ్ నుంచి లేచేముందు ఆ రోజు రాసింది తమకు తామే మెయిల్ చేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ తీసేముందు 'ఇజెక్ట్' నొక్కండి. పట్టిక రాస్తుండగా లాగేయడం వల్లే చాలా పెన్‌డ్రైవ్‌లు 'రా' అవుతాయి.

గదికి ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ పరికరం, ఏ కోడ్, ఏం మార్చితే బాగైంది అని తేదీతో రాయండి. ఈ ఏడాది మీరు రాసింది వచ్చే ఏడాది వచ్చే తమ్ముడికి పాఠ్యపుస్తకం అవుతుంది.

ఈ వ్యాసం పంపేముందు నా మిత్రుడికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆ ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి, ఇప్పుడు వాడూ పీజీ చదువుతున్నాడు. అంతా విని, "సినిమాల పేర్లు రాయలేదేంరా?" అని నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆ పేర్లు నాకు గుర్తులేవు. పదకొండు రాత్రులు వెలిగిన ఆ లైటు మాత్రం గుర్తుంది.

హాస్టల్ తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (కంప్యూటర్స్)